పసిపిల్లల స్నానానికి వేడినీళ్లు: పొయ్యి, రాడ్డు, గీజరు... ఏది మేలు?

డిసెంబరు వచ్చిందంటే మా ఇంట్లో ఉదయం ఆరున్నర నుంచి ఎనిమిది దాకా పనంతా వేడినీళ్ల చుట్టూ తిరుగుతుంది. పెద్దమ్మాయి ఒకటో తరగతి, ఎనిమిదింటికి బడి బస్సు వీధి మలుపులో ఆగుతుంది. చిన్నవాడికి రెండున్నరేళ్లు, ఎవరు ఎటు నడిస్తే అటు పరుగెత్తే వయసు. పెళ్లయ్యాక హైదరాబాదులో మూడు అద్దె ఇళ్లు మారాం. మొదటి ఇంట్లో రాడ్డు, రెండో ఇంట్లో గ్యాస్ పొయ్యి మీద తపేలా, ఇప్పుడు గీజరు. సంక్రాంతికి తణుకు దగ్గర మా అత్తగారి ఊరు వెళితే పెరట్లో రాగి బాయిలరు. పిల్లలున్న ఇంటికి వీటిలో ఏది మంచిదని మా చెల్లెలు మొన్న ఫోను చేసి అడిగింది. దానికి పాప పుట్టి ఎనిమిది నెలలు, ఇదే మొదటి చలికాలం. దానికి చెప్పిందే ఇంకాస్త వివరంగా ఇక్కడ రాస్తున్నాను.

ఖర్చు సంగతి ముందే చెప్పి పక్కన పెడతాను. కుళాయి నీళ్లు 18 డిగ్రీలున్నాయనుకుందాం. పదిహేను లీటర్ల బకెట్టును 45 డిగ్రీలకు తేవాలంటే సుమారు అర యూనిట్ కరెంటు పడుతుంది. రాడ్డయినా గీజరయినా నీళ్లకు పట్టే వేడి ఒకటే. గ్యాస్ పొయ్యి మీదైతే మంట వేడిలో మూడో వంతుకు పైగా గిన్నె పక్కల నుంచి గాలిలో కలిసిపోతుంది కనుక అదే బకెట్టుకు 60 గ్రాముల దాకా గ్యాస్ కావాలి. 14.2 కిలోల సిలిండరు మొత్తం స్నానాలకే వాడితే 230 బకెట్లు వస్తాయన్నమాట. ఎలా లెక్క వేసినా బకెట్టుకు తేడా ఒకటి రెండు రూపాయలే. పసిపిల్లలున్న ఇంట్లో ఆ తేడా చూసి నిర్ణయించుకోవద్దు.

నేను చూసేది వేరే. సలసల కాగిన నీళ్లు ఇంట్లో ఎంత దూరం నడుస్తున్నాయి? పిల్లల చేతికి అందే ఎత్తులో ఎంతసేపు ఉంటున్నాయి?

ఈ లెక్కన చూస్తే, అందరూ భద్రమనుకునే పొయ్యే నాకు అన్నిటికన్నా భయం. కరెంటు లేదు, షాకు కొట్టదు అని నేనూ ధైర్యంగానే ఉండేదాన్ని. ఆ రెండో ఇంట్లో వంటగది నుంచి స్నానాలగదికి పదకొండు అడుగులు, మధ్యలో ఒక గడప. తపేలా చెవులను మసిగుడ్డతో పట్టుకుని రోజూ ఆ దూరం నడిచేదాన్ని. నిరుడు జనవరిలో ఒక ఉదయం గడప దాటుతుండగా చిన్నవాడు ఎదురుగా పరుగెత్తుకొచ్చి నా మోకాళ్లను వాటేసుకున్నాడు. తపేలా పడలేదు, కాస్త ఒరిగిందంతే. గరిటెడు నీళ్లు వాడి ఎడమ పాదం మీద పడ్డాయి. చలికని వేసిన ఊలు మేజోడు ఆ నీళ్లను పీల్చుకుని వేడిని పాదానికే పట్టి ఉంచింది. అది తీసేసరికే పాదం మీద రూపాయి బిళ్లంత మేర కందిపోయింది, కాసేపటికి బొబ్బ లేచింది. వాడి ఏడుపు కన్నా, ఏడవడానికి ముందు ఊపిరి బిగబట్టిన ఆ రెండు క్షణాలు నాకు ఇప్పటికీ గుర్తు.

మా అత్తయ్య కంగారులో టూత్‌పేస్టు తెచ్చారు. పక్కింటావిడ పసుపు రాయమన్నారు. ఇద్దరిదీ ప్రేమే, కానీ రెండూ చేయకూడదు. కాలిన చోట మామూలు కుళాయి నీళ్లు ధారగా ఇరవై నిమిషాలు పడాలి. ఐసు పెట్టకూడదు. తడిసిన బట్ట, కాలి పట్టీ, మొలతాడు లాంటివి వెంటనే తీసేయాలి. చర్మానికి అతుక్కుపోయినవాటిని మాత్రం లాగకూడదు. చలికాలంలో ఇరవై నిమిషాలు చన్నీళ్ల కింద ఉంటే పిల్లాడు వణికిపోతాడు. అందుకని మిగతా ఒంటికి దుప్పటి చుట్టి పాదం ఒక్కటే కుళాయి కింద పెట్టాం. ఆ తరువాత శుభ్రమైన బట్ట వదులుగా కప్పి డాక్టరు దగ్గరకు తీసుకెళ్లాం. బొబ్బను చిదపవద్దన్నారు, అది దానంతట అదే మానింది. కాలిన మేర పిల్లవాడి అరచేతి కన్నా పెద్దదయినా, ముఖం, చేతులు, మర్మావయవాల దగ్గర కాలినా ఇంట్లో ఆలోచిస్తూ కూర్చోకుండా ఆసుపత్రికి పరుగెత్తాల్సిందే.

రాడ్డుతో నీళ్లు నడవవు. కాగిన చోటే స్నానం చేయించవచ్చు. అది చవక, అద్దె ఇల్లు మారితే సంచిలో వేసుకుని పోవచ్చు. 1500 వాట్ల రాడ్డయితే ఒక బకెట్టు ఇరవై నిమిషాల్లో కాగుతుంది. ఆ ఇరవై నిమిషాలే గండం. రాడ్డు పెట్టిన బకెట్టు చప్పుడు చేయదు, మంట కనిపించదు, మొదట్లో ఆవిరి కూడా రాదు. పిల్లల కంటికి అది రోజూ ఆడుకునే ఎర్ర బకెట్టే. మొదటి ఇంట్లో స్నానాలగదిలో ప్లగ్గు లేక హాలు మూలలో బకెట్టు పెట్టేవాళ్లం. మా పెద్దమ్మాయికి అప్పుడు మూడేళ్లు. ఒకరోజు నేను దోసె తిప్పి వెనక్కి చూసేసరికి స్టీలు గ్లాసు పట్టుకుని బకెట్టు అంచు మీద చేయి వేసి నిలబడి ఉంది. బొమ్మకు స్నానం పోయడానికి నీళ్లు ముంచుకుంటుందట. నేను ముందు ప్లగ్గు దగ్గరకు పరుగెత్తాలా, పిల్ల దగ్గరకా అని ఒక్క క్షణం ఆగిపోయాను. స్విచ్ ఆపాను. ఏమీ కాలేదు. కానీ ఆ సాయంత్రమే రాడ్డును అటక మీద పెట్టేశాం.

వేరే దారి లేక రాడ్డే వాడాల్సి వస్తే, స్నానాలగదిలో పెట్టి బయట గడియ వేయండి. ఐఎస్ఐ గుర్తు, మూడు కాళ్ల ప్లగ్గు, సరైన ఎర్తు ఉన్న పాయింటు తప్పనిసరి. ఇనుప, స్టీలు బకెట్లు వద్దు. రాడ్డు మీద నీటి మట్టానికి గీతలుంటాయి, ఆ గీతల మధ్య నీళ్లుండాలి. స్విచ్ ఆపి, ప్లగ్గు పీకిన తరువాతే నీళ్లలో వేలు పెట్టాలి. ఇంకొకటి చాలామందికి తోచదు. బయటకు తీసిన రాడ్డు చాలాసేపు కాలుతూనే ఉంటుంది. దాన్ని నేల మీద పడేయకుండా, పిల్లలకు అందని ఎత్తులో మేకుకు తగిలించాలి. బోరు నీళ్లుండే మా పేటల్లో రాడ్డు మీద తెల్లగా సున్నం పేరుకుంటుంది, అది గీకకపోతే నీళ్లు కాగడం ఆలస్యమవుతుంది.

ఇప్పుడున్న గీజరు వీటన్నిటి కన్నా మేలని నా అభిప్రాయం. వేడినీళ్లు గోడ మీద, తొట్టిలో ఉంటాయి. నడవవు, అందవు. అయితే ప్రమాదం కుళాయిలోకి మారుతుంది. చాలా గీజర్లు నీళ్లను 60 డిగ్రీలు, ఆ పైన కూడా కాస్తాయి. ఆ వేడికి పసివాళ్ల పలుచటి చర్మం కాలడానికి అయిదు సెకన్లు కూడా అక్కర్లేదు. మనకు చురుక్కుమనే నీళ్లు వాళ్లకు బొబ్బ. నెలల పాపకు 37, 38 డిగ్రీల నీళ్లు చాలు, అంటే మన ఒంటి వేడంత. అందుకని వేడి ఎంతుండాలో తిప్పి పెట్టుకునే నాబు బయటే ఉన్న గీజరు కొనమని చెల్లెలికి చెప్పాను. నాబు 50 దాటనివ్వవద్దు.

వేణ్ణీళ్లకు చన్నీళ్లు తోడంటారు గానీ, పిల్లల బకెట్టులో చన్నీళ్లకే వేణ్ణీళ్లు తోడవ్వాలి. ముందు చన్నీళ్లు పట్టి, పైన వేడివి కలపాలి. వరుస తిరగబడితే, మీరు తువ్వాలు అందుకునేలోగా పిల్లవాడు మరిగే బకెట్టులో చేయి పెట్టేయవచ్చు. అడుగు దాకా చెంబుతో కలిపి, మోచేత్తో చూసి, వేడి కుళాయి గట్టిగా కట్టేసిన తరువాతే మా ఇంట్లో పిల్లలకు లోపలికి పిలుపు.

15 లీటర్ల గీజరా, 3 లీటర్ల ఇన్‌స్టంట్ గీజరా అంటే, పిల్లలు నడక నేర్చిన ఇంటికి నేను చిన్నదే కోరుకుంటాను. స్విచ్ ఆపినా పెద్దదాంట్లో నీళ్లు గంటల తరబడి వేడిగానే ఉంటాయి. పిల్లలు కుళాయి తిప్పితే పొగలు కక్కుతూ వస్తాయి. చిన్నదైతే ఆ మూడు లీటర్లు అయిపోగానే చన్నీళ్లే. 3000 వాట్లది బకెట్టు నింపడానికి పది నిమిషాలు పడుతుంది, ఆ మాత్రం ఓపిక పట్టవచ్చు. కుళాయి మరీ సన్నగా వదిలితే నీళ్లు బాగా వేడెక్కి వస్తాయని మాత్రం గుర్తుంచుకోవాలి. ఏది కొన్నా 16 ఆంపియర్ల పాయింటు, సరైన ఎర్తు, 30 మిల్లీఆంపియర్లకే కరెంటు తెంచేసే ఆర్‌సీసీబీ ఉన్నాయో లేదో ఎలక్ట్రీషియనుతో చూపించుకోండి.

స్నానాలగది లోపల గ్యాస్ గీజరు పెట్టడానికి మాత్రం ఒప్పుకోవద్దని చెల్లెలికి గట్టిగా చెప్పాను. చలికని కిటికీ మూసుకున్న చిన్న గదిలో మంట మండితే కార్బన్ మోనాక్సైడ్ చేరుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. మనిషి తలుపు గడియ తీసేలోపే స్పృహ తప్పవచ్చు. పిల్లలకు స్నానం చేయించేటప్పుడు ఆ గదిలో ఉండేది తల్లీ బిడ్డా ఇద్దరూ.

రాగి బాయిలరును ఈ పోటీలో నిలబెట్టడం న్యాయం కాదు. పైన ఒక చెంబు చన్నీళ్లు పోస్తే పక్క గొట్టంలోంచి ఒక చెంబు వేణ్ణీళ్లు రావడం పిల్లలకు ఇంద్రజాలం. కొబ్బరి మట్టల పొగ వాసన, నలుగు పిండి, భోగి నాటి తలంటు, సాయంత్రం భోగిపళ్లు, ఇవన్నీ నా పిల్లలకు దక్కాలని నాకు ఎంతో ఆశ. కానీ ఆ రాగి ఒళ్లంతా కాలుతుంది, అది పిల్లల ఎత్తులోనే ఉంటుంది, కింద నిప్పులుంటాయి. ఈసారి బాయిలరు ముందు నులక మంచాన్ని అడ్డంగా నిలబెట్టమని మామయ్యగారికి ఇప్పుడే ఫోను చేసి చెప్పాను. నీళ్లు పట్టి, చన్నీళ్లు కలిపి తేవడం ఆయన పని. అవి వచ్చేదాకా పిల్లలిద్దరికీ నువ్వుల నూనె రాస్తూ అరుగు మీద కూర్చోబెట్టుకోవడం నా పని.