బ్రాడీపేట ఫిజిక్స్ ట్యూషన్: ఆ సగం ఎక్కడి నుంచి వచ్చిందో తెలిసింది

మా వాడు తొమ్మిదో తరగతి. దసరా దాకా వేరే ట్యూషన్‌కి పంపాం. అక్కడ గతిజశక్తి (కదిలే వస్తువుకి ఉండే శక్తి) అంటే "హాఫ్ ఎమ్ వి స్క్వేర్, పదిసార్లు రాయి", అంతే. ఆ సగం ఎందుకు సార్ అని అడిగితే ఎగ్జామ్‌లో రాదులే అన్నారట. ఫీజు మాత్రం ముందే కట్టించుకున్నారు, సరే.

ఇప్పుడు గుంటూరు బ్రాడీపేటలో ఒక మేడ మీద చెప్పే సార్ దగ్గర చేర్చాం. డెమో రోజు నేనూ వెనక బల్ల మీద కూర్చున్నా. ఏటవాలుగా పెట్టిన రెండు స్కేళ్ల సందులోంచి గోళీ వదిలారు, కింద ఖాళీ అగ్గిపెట్టె. 5 సెంటీమీటర్ల ఎత్తు నుంచి వదిలితే పెట్టె 6 సెంటీమీటర్లు జరిగింది, 20 నుంచి వదిలితే 22. నాలుగింతల ఎత్తు నుంచి వస్తే వేగం రెట్టింపే, పెట్టె మాత్రం దాదాపు నాలుగింతలు పోయింది, అంటే శక్తి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుందన్నమాట. 24 రావాలిగా, మిగతా 2 ఏవి సార్ అని ఒక పిల్ల అడిగితే, రాపిడిలో, ఆ టక్‌మన్న చప్పుడులో పోయాయమ్మా అన్నారు.

తర్వాత బోర్డు. ఆగి ఉన్న 'ఎమ్' ద్రవ్యరాశి వస్తువుని ఒకే బలంతో 'టి' సెకన్లు తోస్తే 'వి' వేగం వచ్చిందనుకోండి. త్వరణం (వేగం పెరిగే రేటు) వి/టి, బలం అంటే ద్రవ్యరాశి ఇంటూ త్వరణం కాబట్టి అది ఎమ్‌వి/టి. వేగం సున్నా నుంచి సమంగా పెరిగింది కనుక సగటు వేగం వి/2, పోయిన దూరం వి/2 ఇంటూ టి. బలాన్ని దూరంతో గుణిస్తే పని, పైన టి, కింద టి కొట్టేస్తే మిగిలేది ½ఎమ్‌వి². ఆ సగం సగటు వేగం నుంచి వచ్చిందన్నమాట! ఇంటర్‌లో నేను వి² - యు² = 2ఏఎస్ పెట్టి మార్కులు తెచ్చుకున్నా గానీ ఈ సంగతి ఎప్పుడూ తట్టలేదు. జర్మన్ గణితవేత్త లైబ్నిజ్ కాలంలో ఎమ్‌వి² అనే లెక్కపెట్టేవారని, సగం చేర్చి పనితో కలిపింది 1829లో ఫ్రెంచ్ శాస్త్రవేత్త కోరియోలిస్ అని కూడా చెప్పారు.

మంగళగిరి హైవే మీద 40లో ఉన్న బండికి బ్రేకు కొట్టాక ఆగే దూరం 80లో అయితే నాలుగింతలని మా వాడు ఇంటికొచ్చి నాకే క్లాసు పీకాడు.

ఒక స్టార్ తగ్గించా. గదికి ఒకటే ఫ్యాను, బండి పెట్టే చోటు లేదు, ఎనిమిదింటికి వదలాల్సింది ఎనిమిదిన్నర చేస్తారు. డెమోకి వెళ్తే ముందు వరసలో కూర్చోండి, వెనక నుంచి బోర్డు కింద సగం కనపడదు.