పాత వెబ్ డిజైన్ పద్ధతులు: ఏళ్ల తరబడి వాడాక ఏవి ఉంచుకున్నాను, ఏవి వదిలేశాను

ముందే చెప్పేస్తాను. టేబుళ్లతో పేజీ కట్టడం, ఫ్లోట్లతో (పెట్టెల్ని ఎడమకో కుడికో జరిపే పద్ధతి) కాలమ్స్ నిలబెట్టడం లాంటి వాటితో ఇవాళ కొత్త సైటు మొదలుపెట్టాల్సిన అవసరం ఎవరికీ లేదు. 2017 మార్చిలో ఫైర్‌ఫాక్స్, క్రోమ్, సఫారీ ఒకదాని వెనుక ఒకటి సీఎస్ఎస్ గ్రిడ్‌ని (సీఎస్ఎస్ అంటే పేజీ రూపాన్ని చెప్పే భాష, గ్రిడ్ అంటే అందులో పేజీని నేరుగా గళ్లుగా పంచే పద్ధతి) తెచ్చాయి. ఆఫీసులు పట్టుకుని వేలాడిన ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 11కి కూడా 2022 జూన్‌లో మైక్రోసాఫ్ట్ మంగళం పాడేసింది. ఇంక సాకు కూడా లేదు. అయినా అమీర్‌పేటలో కొన్ని చోట్ల చేతికిచ్చే జిరాక్స్ మెటీరియల్‌లో ఫ్రేమ్‌సెట్టూ (ఒకే తెరలో అనేక పేజీలు) మార్కీ (పరిగెత్తే అక్షరాలు) ఇంకా మొదటి పాఠాల్లోనే ఉంటాయి. అందుకే "ఇవన్నీ నేర్చుకోవాలా అన్నా?" అని కుర్రాళ్లు అడుగుతుంటారు. అన్నీ అక్కర్లేదు. కానీ కొన్ని రాకపోతే ఉద్యోగంలో ఇరుక్కుంటారు. ఆ కొన్ని ఏవో నా అనుభవం మేరకు చెబుతాను.

మొదటిది టేబుల్. నా పనిలో పెద్ద వాటా మెయిళ్లదే: పండగ ఆఫర్లు, ఆర్డర్ రసీదులు, పాస్‌వర్డ్ మార్చుకోమనే మెయిళ్లు. విండోస్‌లోని పాత అవుట్‌లుక్ 2007 నుంచీ మెయిల్‌ని చూపించడానికి బ్రౌజర్ ఇంజన్ కాకుండా వర్డ్ ఇంజన్ వాడుతుంది. దానికి ఫ్లెక్స్ (పెట్టెల్ని ఒక వరసలో సర్దే సీఎస్ఎస్ పద్ధతి) తెలియదు, గ్రిడ్ తెలియదు. మ్యాక్స్-విడ్త్‌ని (వెడల్పుకి గరిష్ఠ హద్దు) పట్టించుకోదు, గుండ్రటి మూలలు ఇస్తే చతురస్రంగా చూపిస్తుంది. కాబట్టి బయట నూటికి నూరు శాతం వెడల్పు టేబుల్, లోపల 600 పిక్సెళ్ల టేబుల్, రెంటికీ సెల్‌ప్యాడింగ్, సెల్‌స్పేసింగ్, బోర్డర్ మూడూ సున్నా. ఖాళీ ఎక్కడ కావాలన్నా ప్యాడింగ్ (అంచుకి లోపలి ఖాళీ) ఇచ్చేది సెల్‌కే. 1990ల చివర్లో సైట్లు ఎలా కట్టారో అచ్చం అలాగే.

ఇందులో బటన్ కథ వేరు. లింకుకి ప్యాడింగ్ ఇస్తే అవుట్‌లుక్ తీసిపారేస్తుంది, బటన్ కాస్తా అక్షరాల మేరకు ముడుచుకుపోతుంది. రంగూ ప్యాడింగూ సెల్‌కి ఇస్తే చూడ్డానికి బాగుంటుంది, కానీ అక్షరాల మీద నొక్కితేనే లింకు తెరుచుకుంటుంది, చుట్టూ ఉన్న రంగు మీద నొక్కితే ఏమీ కాదు. దీన్ని క్లయింటుకి వివరించడం కోడు రాయడం కన్నా కష్టం.

జీమెయిల్ గోల ఇంకొకటి. హెచ్‌టీఎంఎల్ 102 కేబీ దాటితే మిగతాది కోసేసి, మొత్తం చూడాలంటే నొక్కండి అంటుంది. అన్‌సబ్‌స్క్రైబ్ లింకు ఉండేది అడుగునే కాబట్టి ముందు మాయమయ్యేది అదే. తెలుగు మెయిళ్లకి ఈ హద్దు ఇంకాస్త త్వరగా వస్తుంది. ఇంగ్లిష్ అక్షరానికి ఒక బైటు సరిపోతే, అక్షరాల్ని బైట్లుగా దాచే యూటీఎఫ్-8లో తెలుగులో ప్రతి అక్షరానికీ, గుణింతపు గుర్తుకీ, పొల్లుకీ విడివిడిగా మూడేసి బైట్లు పడతాయి. మెయిల్ పంపే టూల్ వాటిని అంకెల కోడ్లుగా మార్చేసిందంటే ఒక్కోదానికి ఏడు. టేబుల్లో టేబుల్, దాన్లో ఇంకో టేబుల్ పెట్టుకుంటూ పోతే బరువు ఎక్కడ పెరుగుతోందో తెలిసినవాడే తగ్గించగలడు. ఎంజేఎంఎల్ లాంటి మెయిల్ తయారీ టూళ్లు టేబుళ్లన్నీ వాటంతట అవే రాసిపెడతాయి, నేనూ వాడతాను. కానీ అవుట్‌లుక్‌లో ఒక కాలమ్ పక్కకి జరిగితే, అది పుట్టించిన కోడు చదివి సరిచేయాల్సింది మనమే. కొత్త అవుట్‌లుక్ బ్రౌజర్ తరహాలోనే మెయిల్ చూపిస్తోంది. అయినా ఆఫీసు మెషీన్లలో పాతది ఇంకా తిష్ట వేసుకునే ఉంది.

టేబుల్‌కి రెండో బతుకుతెరువు పీడీఎఫ్. చిన్న షాపుల బిల్లింగ్ సాఫ్ట్‌వేర్లు చాలావరకు పీహెచ్‌పీలో ఉంటాయి, జీఎస్టీ ఇన్‌వాయిస్ పీడీఎఫ్‌ని డోమ్‌పీడీఎఫ్ లాంటి లైబ్రరీతో తీస్తాయి. దానికి ఫ్లెక్సూ గ్రిడ్డూ రావు. కొత్తగా చేరినవాళ్లు బ్రౌజర్లో అందంగా ఇన్‌వాయిస్ తయారుచేస్తారు, పీడీఎఫ్ తీసేసరికి అడ్రసూ లోగో ఒకదాని కింద ఒకటి పడి ఉంటాయి. రెండు గళ్ల టేబుల్ పెడితే పని అయిపోతుంది. షాపు పేరు తెలుగులో ఉంటే మాత్రం డోమ్‌పీడీఎఫ్‌తో పెట్టుకోకండి, ఒత్తులు కింద చేరకుండా పొల్లులుగా విడిపోయి పడతాయి. ఎంపీడీఎఫ్ అనే ఇంకో లైబ్రరీ ఆ పని సరిగ్గా చేస్తుంది, పోతన 2000 అనే తెలుగు ఫాంటు దాంతో పాటే వస్తుంది.

రెండోది ఫ్లోట్. దీన్ని రాయడానికి కాదు, చదవడానికి నేర్చుకోవాలి. 2013లో వచ్చిన బూట్‌స్ట్రాప్ 3 అనే రెడీమేడ్ డిజైన్ కిట్‌లో కాలమ్స్ అన్నీ ఫ్లోట్లే. బూట్‌స్ట్రాప్ 4 ఫ్లెక్స్‌కి మారింది 2018లో. ఆ మధ్యకాలంలో కట్టిన కాలేజీ సైట్లు, ఆసుపత్రి సైట్లు, ఆఫీసు అడ్మిన్ ప్యానెళ్లు ఇంకా నడుస్తూనే ఉన్నాయి. మెయింటెనెన్స్ పని వచ్చేది వాటికే. అలాంటి ఒక సైటుని తెలుగులోకి మార్చే పని నాకు వచ్చింది. వరసకు మూడు కార్డులు. ఇంగ్లిష్‌లో అన్ని శీర్షికలూ ఒక్క లైనులో సరిపోయాయి. తెలుగులో మొదటిది రెండు లైన్లైంది, ఆ కార్డు పొడుగైంది, దాంతో రెండో వరసలో ఎడమ చివర రావాల్సిన నాలుగో కార్డు దానికి తగులుకుని మధ్యలోనే ఆగిపోయింది. ఎడమపక్కన ఒక కార్డంత బోసి ఖాళీ. ఫ్లోట్ ఎలా జరుగుతుందో తెలిస్తే ఇది చూడగానే అర్థమవుతుంది: నాలుగు, ఏడు, పది, ఇలా ప్రతి వరసలో మొదటి కార్డుకి క్లియర్ లెఫ్ట్ (ఎడమ ఫ్లోట్ల కిందికి దిగమనే ఆదేశం) ఇస్తే సరి. తెలియకపోతే మార్జిన్లు మారుస్తూ సాయంత్రం చేస్తారు.

"ఆ వరసకి డిస్‌ప్లే ఫ్లెక్స్ ఇచ్చేస్తే పోలా?" అనొచ్చు. నేనూ చాలాసార్లు అదే చేస్తాను. అక్కడ ఇంకో మెలిక. బూట్‌స్ట్రాప్ 3 వరసకి ముందూ వెనకా క్లియర్‌ఫిక్స్ కోసం, అంటే వరస తన ఫ్లోట్లని లోపలే పట్టి ఉంచడం కోసం, కనిపించని రెండు ముక్కలు ఉంటాయి. వరస ఫ్లెక్స్ అవ్వగానే అవి కూడా కాలమ్స్ లెక్కలోకి వచ్చేస్తాయి. క్రోమ్‌లో అంతా బాగుంటుంది, సఫారీలో చివరి కార్డు కింది వరసకి దిగిపోతుంది. ఆ రెండు ముక్కల్నీ డిస్‌ప్లే నన్ (అసలు లేనట్టు) చేయాలి. క్లియర్‌ఫిక్స్ అంటే ఏమిటో తెలియనివాడికి ఇది తట్టేదెలా?

మూడోది పద్ధతి కాదు, పాత రోజుల్లో తలనొప్పి తెచ్చిపెట్టిన ఒక చిన్న లెక్క. బొమ్మ కింద నాలుగైదు పిక్సెళ్ల ఖాళీ వస్తుంది, ప్యాడింగ్ లేదు, మార్జిన్ లేదు, మరి ఎక్కడిదది? బొమ్మ ఇన్‌లైన్ కాబట్టి బ్రౌజర్ దాన్ని ఒక అక్షరంలా చూసి లైను మీద నిలబెడుతుంది. లైను కింద, ఇంగ్లిష్ 'వై'కి తోక దిగడానికి, మన అక్షరాలకి ఒత్తులు దిగడానికి, కొంత జాగా వదులుతుంది. ఆ జాగానే ఈ ఖాళీ. డిజైన్‌ని ఫోటోషాప్‌లో ముక్కలు కోసి టేబుల్ గళ్లలో పేర్చే కాలంలో ఈ గీతలు ఎంత విసిగించాయంటే, ఫైర్‌ఫాక్స్ చేసే మొజిల్లా దీని కోసమే స్టాండర్డ్స్ మోడ్‌కి (ప్రమాణాల్ని కచ్చితంగా పాటించే తీరు) కాస్త సడలింపు ఇచ్చి ఇంకో మోడ్ పెట్టింది. రియాక్ట్ లాంటి కొత్త లైబ్రరీతో కట్టిన కార్డులోనూ ఇవాళ అదే గీత వస్తుంది, బొమ్మకి డిస్‌ప్లే బ్లాక్ ఇస్తే ఇవాళా పోతుంది.

వదిలేసినవాటికి ఎక్కువ మాటలు అక్కర్లేదు. ఫ్లాష్ 2020 డిసెంబరు 31తో పోయింది. గుండ్రటి మూలల కోసం నాలుగు బొమ్మలు కోయడం, ఎక్స్‌ప్లోరర్ 6 కోసం రాసిన హ్యాకులు, ఫ్రేమ్‌సెట్లు: వీటి మీద ఒక్క గంట పెట్టినా దండగే. స్ప్రైట్లు (చిన్న బొమ్మలన్నీ ఒకే ఫైల్లో పెట్టడం) ఒకప్పుడు బాగానే పనికొచ్చాయి, చాలా ఫైళ్లని ఒకేసారి తెచ్చే హెచ్‌టీటీపీ/2, గీతలుగా గీసే బొమ్మల ఎస్‌వీజీ వచ్చాక వాటి అవసరం తీరింది. మార్కీని ప్రమాణం వద్దంటున్నా బ్రౌజర్లు ఇంకా నడిపిస్తున్నాయి, ప్రకటనలు పరిగెత్తకపోతే సైటే కాదనుకునే క్లయింట్లు ఉన్నంతకాలం నడుస్తుంది. ఒకటి మాత్రం చావనంటోంది: శీర్షికని రెండు లైన్లకి కోసి చుక్కలు పెట్టాలంటే ఇప్పటికీ రాసేది వెబ్‌కిట్-బాక్స్, అంటే 2009 నాటి ఫ్లెక్స్‌బాక్స్ ముసాయిదా.

నన్నడిగితే వరస ఇది: ముందు బాక్స్ మోడల్ (ప్యాడింగ్, బోర్డర్, మార్జిన్ల లెక్క), మామూలు ఫ్లో, పొజిషన్. తర్వాత ఫ్లెక్స్, గ్రిడ్ చేయి తిరిగేదాకా. ఆ తర్వాత ఓ వారం ఫ్లోట్‌కీ క్లియర్‌ఫిక్స్‌కీ. టేబుల్ లేఅవుట్ మెయిల్ పని చేతికొచ్చినప్పుడు చాలు. అప్పుడు మాత్రం ప్రతి టేబుల్‌కీ రోల్ ప్రెజెంటేషన్ (ఈ టేబుల్ రూపం కోసమే అనే గుర్తు) పెట్టండి, లేదంటే చూపులేనివారు వాడే స్క్రీన్ రీడర్ ప్రతి గడికీ వరస, కాలమ్ నంబర్లు చదువుతూ పోతుంది.

ఇంకొకటుంది, తెలుగువాళ్లకే ప్రత్యేకం: యూనికోడ్ (అన్ని భాషల అక్షరాలకీ ఉమ్మడి కోడ్లు) వాడుకలోకి రాకముందు ఎవరికి వారు సొంతంగా చేసుకున్న ఫాంట్లు. విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంటు వచ్చాక కూడా మన పత్రికల సైట్లు చాలాకాలం వాటితోనే నడిచాయి. లోపల ఉన్నవి ఇంగ్లిష్ అక్షరాల కోడ్లు, ఫాంటు వాటికి తెలుగు ముక్కల్ని తొడిగేది. ఫాంటు లేకపోతే తెర మీద పిచ్చిగీతలు, వెతికితే దొరికేది సున్నా. ఫైర్‌ఫాక్స్‌లో పద్మ అనే ఎక్స్‌టెన్షన్ వాటిని యూనికోడ్‌లోకి మార్చి చూపించేది. అలాంటి పాత పేజీల మూట ఒకటి మార్చే పని నాకు తగిలింది. ఆ ఫాంటులో 'స్త్రీ' రాస్తే ముందు 'సీ' ముక్క, తర్వాత త ఒత్తు, ర ఒత్తు. యూనికోడ్‌లో దీర్ఘం చివరికి పోవాలి, ఒత్తులన్నీ దానికి ముందే రావాలి. అంటే కోడు బదులు కోడు పెడితే చాలదు, ప్రతి అక్షరాన్నీ విప్పి మళ్లీ పేర్చాలి. ఈ విద్య నేర్పే కోర్సు నాకెక్కడా కనిపించలేదు. పైన చెప్పినవాటన్నిట్లోకీ నాకు ఎక్కువ రేటు పలికిన పని మాత్రం ఇదే.