టగ్గులో సీఓటూ సిస్టమ్: బిగింపు బాగుంది, సర్వీసు దగ్గరే గొడవ

మా టగ్గు కాకినాడ యాంకరేజ్‌లో తిరుగుతుంది. బియ్యం బార్జీలను బయట లంగరేసిన ఓడల దాకా లాక్కెళ్లడం, ఖాళీవి వెనక్కి తేవడం, అంతే పని. నాన్నగారి హయాంలో ఇంజిన్ రూముకి అగ్నిమాపక ఏర్పాటంటే మెట్ల పక్కన వేలాడే రెండు ఎర్ర సిలిండర్లు, ఒక ఇసుక బకెట్టు. ఆ బకెట్టులో ఇసుక కన్నా బీడీ ముక్కలే ఎక్కువ ఉండేవి.

2023 నవంబర్ 19 రాత్రి విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో సుమారు 40 బోట్లు తగలబడ్డాక ఇంట్లో అందరికీ టెన్షన్ పట్టుకుంది. నిజం చెప్పాలంటే అలాంటి చోట ఈ సీఓటూ సిస్టమ్ (మంట పుట్టిన గదిని కార్బన్ డయాక్సైడ్ గ్యాసుతో నింపి ఆర్పేది) ఉన్నా ఒరిగేదేమీ లేదు, కార్బన్ డయాక్సైడ్ అనేది నాలుగు గోడలు, మూసిన తలుపు ఉన్న చోటే పనిచేస్తుంది, ఆరుబయట ఒక బోటు నుంచి పక్క బోటుకి అంటుకునే మంటని అదేం చేస్తుంది? కానీ భయం పడ్డాక ఈ లెక్కలెవరు చూస్తారు, పెట్టించేద్దాం అన్నారు, సరే అన్నాను.

మొదట వచ్చినాయన ఇంజిన్ రూములోకి తొంగి చూసి, టేపు కూడా తీయకుండా "ఒక్క సిలిండర్ చాలండీ" అని కొటేషన్ ఇచ్చి వెళ్లిపోయాడు. రేటు చూసి మా బావ ఎగిరి గంతేశాడు. నాకే ఎందుకో నమ్మకం కుదరక కూర్చుని లెక్కేశాను. మా ఇంజిన్ రూము పొడవు 6 మీటర్లు, వెడల్పు 5, ఎత్తు 3, అంటే 90 ఘనపు మీటర్లు. ఓడల నిబంధన ప్రకారం పైన పొగగొట్టం కేసింగ్‌ని (దాని చుట్టూ ఉండే గూడుని) లెక్కలోకి తీసుకోకపోతే గది పరిమాణంలో 40 శాతం గ్యాసు ఉండాలి, 2000 టన్నుల లోపు ఓడలైతే 35కి తగ్గించుకోవచ్చు. కిలో గ్యాసు వదిలితే 0.56 ఘనపు మీటర్లు అవుతుంది. కాబట్టి 40 శాతానికి 64 కిలోలు, 35 శాతానికి 56 కిలోలు కావాలి. ఒక్కో సిలిండర్‌లో పట్టేది 45. ఎటు తిప్పి వేసినా రెండు తప్పవు. ఒక్కటే పెట్టించుకుని ఉంటే మంట కాసేపు దగ్గి మళ్లీ లేచేది.

రెండో కంపెనీ వాళ్లు టేపుతో వచ్చారు, అందుకే వాళ్లకే ఇచ్చాం. పేరు రాయను, ఎందుకో కిందికి చదివితే మీకే తెలుస్తుంది.

బిగింపు పనికి మాత్రం ఐదుకి నాలుగున్నర ఇస్తాను. ఆ పోయిన అర మార్కు దేనికంటే, పైపు ఖర్చు కలిసొస్తుందని సిలిండర్లని కుర్రాళ్లు పడుకునే క్యాబిన్ మూలన పెడతామన్నారు. వాసన లేని గ్యాసు, గాలి కన్నా ఒకటిన్నర రెట్లు బరువు, రాత్రి చిన్న లీకు పడితే కిందికి దిగి నేల మట్టాన పేరుకుంటుంది, నేల మట్టాన పడుకునేది మనుషులే కదా. గాలిలో 10 శాతం దాటితే నిమిషాల్లో స్పృహ పోతుంది, 17 దాటితే అంత టైము కూడా ఇవ్వదు. గంటసేపు వాదించి డెక్ మీద విడిగా ఒక చిన్న గది కట్టించాను, తలుపు బయటికి తెరుచుకునేలా, గాలి పోయే రంధ్రం కింద ఉండేలా. పైన రంధ్రం పెడితే ఈ గ్యాసుకి అది కిటికీ కాదు, బొమ్మ.

మిగతా పని చూడముచ్చటగా చేశారు. వచ్చిన ఫిట్టరు పెద్దాయన, అరవై దాటి ఉంటాయి, మాట తక్కువ. పైపులన్నీ బిగించాక ప్రతి నాజిల్‌కీ ఒక క్యారీబ్యాగు రబ్బరుబ్యాండుతో కట్టి కంప్రెసర్ గాలి వదిలాడు. ఐదు సంచులు బూరెల్లా ఉబ్బాయి, జనరేటర్ పైనున్న ఆరోది మాత్రం నీరసంగా వేలాడుతూనే ఉంది. విప్పి చూస్తే లోపల వెల్డింగ్ పిక్క ఒకటి అడ్డంపడి ఉంది, శనగగింజంత. అది అరచేతిలో పెట్టి నాకు చూపించి జేబులో వేసుకున్నాడు, ఎందుకో మరి.

గ్యాసు వదిలే పెట్టె ఇంజిన్ రూము బయట, డెక్ మీద ఉంది. పెట్టె తలుపు తీయగానే కింద సైరన్ మోగుతుంది, బ్లోయర్లు ఆగిపోతాయి. లోపల రెండు లివర్లు, ఒకటి పైపు మీది పెద్ద వాల్వు తెరవడానికి, రెండోది సిలిండర్లు తెరవడానికి. పొరపాటున ఎవడో ఒకటి లాగినా గ్యాసు పోకూడదని రెండు. సైరన్‌కీ గ్యాసుకీ మధ్య కనీసం 20 సెకన్లు ఉండాలంటారు, మాది 30కి సెట్ చేయించాను, కింద ఇంజిన్ చూసుకునే మా డ్రైవరుకి మోకాళ్ల నొప్పులు, ఆ నిచ్చెన ఎక్కడానికి ఎంత పడుతుందో నేను వాచీ పట్టుకుని చూశాను మరి.

ఆ పెద్దాయన మా వాళ్లకి చెప్పిన పద్ధతి కూడా బాగుంది. లివరు మీద చెయ్యి వేసే ముందు మనుషుల్ని లెక్కపెట్టాలి, ఇంజిన్ ఆపాలి, ఆయిల్ వాల్వు కట్టేయాలి, వెంటిలేటర్ మూతలు వేయాలి, తర్వాతే లాగాలి. లాగాక తలుపు తీయకూడదు. మంట ఆరినట్టు కనిపించినా ఇనుము కాలుతూనే ఉంటుంది, ఈ గ్యాసు ఊపిరాడకుండా చేస్తుందే తప్ప నీళ్లలా చల్లార్చదు, తొందరపడి తలుపు తీశామా, గాలి దూరి మళ్లీ అంటుకుంటుంది, ఈసారి వదలడానికి గ్యాసు ఉండదు. మా సరంగు (టగ్గు నడిపే పెద్ద) అంతా విని, "అంటే కొత్త పెళ్లికూతురి గది లాంటిదన్నమాట, తలుపు కొట్టకూడదు" అన్నాడు. పెద్దాయన కూడా నవ్వాడు.

ఇప్పుడు సర్వీసు సంగతి. దీనికి ఐదుకి ఒకటి.

ఈ సిలిండర్లో గ్యాసు చాలావరకు ద్రవంగా ఉంటుంది. అందుకని ప్రెషర్ చూసి ఎంత ఉందో చెప్పలేం, మన వంటింటి గ్యాస్ బండ లాగే. చివరి రోజు దాకా పొయ్యి బాగానే మండుతుంది, మర్నాడు పొద్దున్న కాఫీకి హుళక్కి. తెలుసుకోవాలంటే తూకం వేయాలి, లేదా అల్ట్రాసోనిక్ మీటరు ఆనించి లోపల ద్రవం ఎక్కడిదాకా ఉందో చూడాలి. పది శాతం కన్నా ఎక్కువ తగ్గితే మళ్లీ నింపించాలి, అంటే 45 కిలోల దానిలో 40.5 కన్నా తగ్గకూడదు.

మొదటి ఏడాది సర్వీసుకి మే నెలలో, మిట్టమధ్యాహ్నం ఇద్దరు కుర్రాళ్లొచ్చారు. పెద్దాయన రాలేదు. చేతిలో ఆ అల్ట్రాసోనిక్ మీటరు. డెక్ మీద కాలు పెడితే కాలుతోంది, ఆ సిలిండర్ గది పెనంలా ఉంది. మీటరు పైనుంచి కిందికి, కిందినుంచి పైకి పది సార్లు జరిపారు, గీత ఎక్కడా దొరకలేదు. దొరకదు కూడా, 31 డిగ్రీలు దాటాక ఈ గ్యాసులో ద్రవం వేరు, ఆవిరి వేరు అనేదే ఉండదు, అంతా కలిసిపోయి ఒకటైపోతుంది, దానిలో గీత వెతకడం మజ్జిగలో గట్టు వెతికినట్టు. కాకినాడ మేలో మధ్యాహ్నం 31 లోపు ఎక్కడుంటుంది? ఏమయ్యా కాటా తేలేదా అంటే, "మీటరు ఓకే చూపిస్తోంది సార్" అని పచ్చ స్టిక్కర్ అంటించి, బిల్లు చేతిలో పెట్టి, కొబ్బరిబోండాం తాగి వెళ్లిపోయారు.

నాకు నిద్ర పట్టలేదు. మర్నాడు బార్జీ వాళ్ల చైన్ బ్లాకు, బియ్యం గోడౌన్ నుంచి వేలాడే కాటా తెచ్చి, యాక్చువేటర్ (సిలిండర్ వాల్వు తెరిచే పరికరం) విప్పి సేఫ్టీ పిన్ను పెట్టి (ఈ పని తెలిసినవాడు దగ్గర లేకుండా మీరు చేయకండి, మా డ్రైవరుకి పెద్దాయన నేర్పించాడు కాబట్టి చేశాం) తూచాం. ఖాళీ బరువు సిలిండర్ మెడ మీద కొట్టి ఉంటుంది, తీసేస్తే సరి. మొదటిది 44.6. రెండోది 38.2. పచ్చ స్టిక్కర్ దాని మీద కూడా మెరుస్తోంది.

ఫోను చేస్తే ముందు మీ కాటా తప్పన్నారు. బియ్యం ఎగుమతి చేసేవాళ్ల కాటా అండీ అది, గ్రాము తేడా వస్తే అక్కడ తలకాయలు పగులుతాయి. చివరికి పెద్దాయన్నే పంపారు, పొద్దున్న ఆరింటికి, కాటాతో. సబ్బు నురగ పూస్తే వాల్వు మెడ దగ్గర చిన్న చిన్న బుడగలు. పనిలో పనిగా పెట్టె తలుపు స్విచ్చి నొక్కి చూశాడు, సైరన్ మోగలేదు, ఉప్పుగాలికి లోపల పచ్చగా చిలుముపట్టింది. అంటే నెలల తరబడి మా ఇంజిన్ రూములో హెచ్చరిక లేకుండా గ్యాసు దిగే పరిస్థితి ఉందన్నమాట, కుర్రాళ్ల స్టిక్కర్ కింద. 2019 మేలో చైనాలో రిపేరులో ఉన్న ఓడ మీద ఈ గ్యాసే పొరపాటున వదిలితే 10 మంది పోయారు, ఆ వార్త మా సరంగుకి చదివి వినిపించాను, అప్పటినుంచి సిలిండర్ గది తాళం తన మొలతాడుకే కట్టుకు తిరుగుతున్నాడు.

పెద్ద ఓడల్లో అన్నీ సవ్యంగా ఉంటాయని కూడా అనుకోకండి. 2010 నవంబర్‌లో కార్నివాల్ స్ప్లెండర్ అనే టూరిస్టు ఓడకి మెక్సికో తీరంలో ఇంజిన్ రూము అంటుకుంటే, గ్యాసు వదలబోతే వాల్వు తెరుచుకోలేదు, పైపు జాయింట్ల దగ్గర లీకులు. అంత డబ్బున్న ఓడకే అలా అయితే మనమెంత.

రెండో సిలిండర్ నింపడానికి విశాఖ తీసుకెళ్లారు. పెసో (పెట్రోలియం, పేలుడు పదార్థాల భద్రత చూసే కేంద్ర సంస్థ) అనుమతి ఉన్న చోటే నింపాలి కాబట్టి దానికి నేనేం అనను. కానీ తొమ్మిది రోజులు! బదులు సిలిండర్ ఇవ్వలేదు, మేం ఒక్కదానితో బయటికి వెళ్లలేక టగ్గు కట్టేసుకుని కూర్చున్నాం, ఆ తొమ్మిది రోజుల బార్జీ బేరాలు పక్కవాళ్లకి పోయాయి. దాని గురించి అడిగితే మేనేజరు "మా పాలసీలో లేదండీ" అన్నాడు.

కంపెనీ మార్చాలనే అనుకున్నాను. కానీ పెద్దాయన అక్కడే పనిచేస్తున్నాడు, అలాంటి చెయ్యి ఈ తీరంలో నాకు ఇంకోటి కనబడలేదు. అందుకే కొత్త కాంట్రాక్టులో మూడు ముక్కలు నా చేత్తో రాయించాను: సర్వీసు ఉదయం ఏడు లోపు, తూకం మా వాళ్ల ఎదురుగా, సిలిండర్ తీసుకెళ్లే రోజే బదులుది దించాలి. మేనేజరు సంతకానికి రెండు వారాలు తిప్పించుకున్నాడు, మూడోది కొట్టేయమని రెండుసార్లు అడిగాడు, చివరికి పెట్టాడు.