లైసెన్సు గంజాయి దుకాణం: బ్రాంప్టన్ నుంచి ఒక సమీక్ష

కెనడాలోని బ్రాంప్టన్‌లో మా ఇంటికి దగ్గరలోని ఒక ప్లాజాలో, పళ్ల డాక్టరు క్లినిక్కుకూ పిజ్జా దుకాణానికీ మధ్య, ఒంటారియో రాష్ట్ర ప్రభుత్వ లైసెన్సుతో నడిచే గంజాయి దుకాణం ఒకటుంది. దాని పేరు ఇక్కడ రాయడం లేదు. ఒంటారియోలోని లైసెన్సు దుకాణాలన్నీ ఒంటారియో కానబిస్ స్టోర్ అనే ప్రభుత్వ సంస్థ దగ్గరే టోకున సరుకు కొనాలి కాబట్టి, ఈ సమీక్షలో చాలా భాగం వాటిలో దేనికైనా వర్తిస్తుంది. నిషేధం మంచిదా, అనుమతి మంచిదా అని మనవాళ్లు కలిసిన ప్రతి చోటా సాగే వాదంలో, అనుమతి అంటే ఆచరణలో ఎలా ఉంటుందో చూసి మాట్లాడేవారు తక్కువ. అందుకే దీన్ని ఒక వినియోగదారుడిగా పరిశీలించాను.

లోపలి సరుకు బయటికి, ముఖ్యంగా పిల్లల కంటికి, కనబడకూడదన్నది నిబంధన కనుక అద్దాలకు మసక కాగితం అంటించి ఉంటుంది. గుమ్మం దాటగానే గుర్తింపు కార్డు అడుగుతారు. ఇక్కడ కనీస వయసు 19 ఏళ్లు. 25 ఏళ్ల లోపు వారిలా కనబడే ప్రతి ఒక్కరి కార్డూ చూడాలని నియమం ఉంది. నెరిసిన జుట్టుతో వెళ్లిన నన్ను కూడా అడిగారంటే వారి శ్రద్ధను మెచ్చుకోవలసిందే. లోపల మందుల షాపుకున్నంత శుభ్రత, దాదాపు అంతే నీరసం ఉన్నాయి. బల్ల మీద తాళం వేసిన చిన్న గాజు సీసాల్లో ఎండు గంజాయి మొగ్గలు ఉంటాయి. మూతకు భూతద్దం, దాని పక్కన వాసన చూసేందుకు సన్నని రంధ్రాలు. చేత్తో తాకే వీలు లేదు. మిగిలినదంతా ట్యాబ్లెట్ తెర మీద చూసి ఎంచుకోవాలి.

నాకు ఈ దుకాణంలో అన్నిటికంటే నచ్చింది కౌంటరు దగ్గర జరిగిన ఒక చిన్న సంభాషణ. మోకాళ్ల నొప్పికి సీబీడీ (గంజాయిలోని మత్తు కలిగించని పదార్థం) నూనె పనిచేస్తుందని మిత్రులు చెప్పగా, నిజమేనా అని అక్కడి పంజాబీ అమ్మాయిని అడిగాను. "అంకుల్, వైద్యం సంగతి మేము చెప్పకూడదు, మీ డాక్టరును అడగండి" అంది. ఇలాంటి దుకాణాల్లో పనిచేసేవారు ప్రభుత్వం ఆమోదించిన శిక్షణ పూర్తి చేయాలి, జబ్బు నయమవుతుందని చెప్పి సరుకు అమ్మకూడదు. తన సరుకు గురించి గొప్పలు చెప్పడానికి చట్టం ఒప్పుకోని అమ్మకందారుణ్ణి నేను మరే వ్యాపారంలోనూ చూడలేదు. మన ఊళ్లలో కొన్ని మూలికల దుకాణాలకు కూడా ఈ నియమం పెడితే బాగుండునని అనిపించింది. నూనె విషయానికొస్తే, కొని వాడినా మోకాళ్లలో చెప్పుకోదగ్గ తేడా ఏమీ కనబడలేదు.

రెండో కొనుగోలు గమ్మీలు, అంటే గంజాయి కలిపిన నమిలే మిఠాయిలు. ప్యాకెట్టు మొత్తానికి 10 మిల్లీగ్రాములకు మించి, మత్తు కలిగించే పదార్థమైన టీహెచ్‌సీ ఉండకూడదు. డబ్బా మీద ఎరుపు గుర్తు, పసుపు గడిలో ఆరోగ్య హెచ్చరిక, టీహెచ్‌సీ, సీబీడీ పాళ్లు, ప్యాక్ చేసిన తేదీ, లాట్ నంబరు, తయారీదారు వివరాలు, ఎక్సైజ్ స్టాంపు ఉంటాయి. బొమ్మలు, మెరుపు రంగులు నిషిద్ధం. మూత పిల్లలకే కాదు, నాకూ తేలిగ్గా రాలేదు. తొలిసారి తినేవారు 2.5 మిల్లీగ్రాములతో మొదలుపెట్టాలని, ప్రభావం పూర్తిగా తెలియడానికి కొన్ని గంటలు పడుతుందని కెనడా ఆరోగ్య శాఖ సలహా. నేను అలాగే చేశాను. గంటన్నర తరువాత నోరు ఎండిపోయి మగతగా అనిపించింది, నిద్రపోయాను. మరోసారి కొనాలన్న కోరిక కలగలేదు. దీనికి విరుద్ధంగా, లైసెన్సు లేని వెబ్‌సైట్లలో పేరున్న మిఠాయిల అట్టలను అనుకరిస్తూ ఒక్కో ప్యాకెట్టులో వందల మిల్లీగ్రాములున్న గమ్మీలు అమ్ముతుంటారు. చట్టబద్ధమైన గమ్మీలు వచ్చాక చిన్నపిల్లలు పొరపాటున తిని ఆసుపత్రి పాలైన కేసులు పెరిగాయన్న నిజాన్ని కూడా ఇక్కడే చెప్పాలి. కెనడాలోనే ఉన్న క్యుబెక్ రాష్ట్ర ప్రభుత్వం ఇలాంటి మిఠాయి రూపాలను అనుమతించనే లేదు, కొనే వయసును 2020లో 21కి పెంచింది. ఈ రెండు విషయాల్లో క్యుబెక్ చేసిందే సరైనదని నా అభిప్రాయం.

ధరల దగ్గర ఈ ఏర్పాటు తడబడుతుంది. 2018 అక్టోబరు 17న గంజాయిని చట్టబద్ధం చేసిన కానబిస్ చట్టం అమల్లోకి వచ్చినప్పుడు గ్రాము ధర 10 డాలర్లుంటుందని ఊహించి, గ్రాముకు 1 డాలరు లేదా ధరలో 10 శాతం, ఏది ఎక్కువైతే అది ఎక్సైజ్ పన్నుగా నిర్ణయించారు. తరువాత టోకు ధరలు బాగా పడిపోయినా ఆ డాలరు మాత్రం అలాగే ఉండిపోయింది, చాలా కంపెనీలు పన్ను బకాయిల్లో మునిగాయి. కొనేవారి మీద ఇంకా 13 శాతం అమ్మకపు పన్ను పడుతుంది. అయినా వాడేవారిలో అత్యధికులు ఇప్పుడు లైసెన్సు దుకాణాలకే వస్తున్నారని ప్రభుత్వ సర్వేలు చెబుతున్నాయి. అమ్మేవాళ్లను అరెస్టు చేయడం దశాబ్దాలపాటు సాధించలేని పనిని పక్క వీధిలో తెరిచి ఉన్న దుకాణం కొన్నేళ్లలో సాధించింది. అలాగని పోలీసుల అవసరం పోలేదు. టొరంటోలో 2019లో లైసెన్సు లేని ఒక దుకాణాన్ని ఎన్నిసార్లు మూయించినా మళ్లీ తెరుస్తుంటే అధికారులు చివరికి గుమ్మానికి అడ్డంగా కాంక్రీటు దిమ్మెలు పెట్టించవలసి వచ్చింది.

ఈ చట్టం రూపొందే దశలో ప్రభుత్వం తరఫున ఆ బాధ్యత మోసిన బిల్ బ్లేర్, అంతకు ముందు పదేళ్లు టొరంటో పోలీసు అధిపతి. ఆయనకు ముందు అదే కుర్చీలో కూర్చున్న జూలియన్ ఫాంటినో చట్టబద్ధతను తీవ్రంగా వ్యతిరేకించి, తరువాత వైద్య గంజాయి కంపెనీకి అధ్యక్షుడయ్యారు. ఈ మార్పు పై స్థాయిలో ఎంత సులభంగా జరిగిందో, జేబులో కొద్దిపాటి గంజాయితో దొరికి నేరచరిత్ర మోస్తున్నవారికి అంత కష్టంగా జరిగింది. 2019లో రుసుము లేకుండా క్షమాభిక్ష ఇచ్చే చట్టం చేశారు. సుమారు 10,000 మందికి మేలు జరుగుతుందని అంచనా వేస్తే, మొదటి రెండేళ్లలో కొన్ని వందల మందికే దక్కింది. రికార్డులను తామే కొట్టివేయకుండా, దరఖాస్తు పెట్టుకోమని బాధితుణ్ణే కార్యాలయాల చుట్టూ తిప్పడం దీనికి కారణం. నేను ఇచ్చే మార్కుల్లో పెద్ద కోత ఇక్కడే పడుతుంది.

ఈ దుకాణాన్ని చూపించి అన్ని మత్తు పదార్థాల మీదా కేసులు ఎత్తివేయవచ్చని వాదించేవారితో నేను ఏకీభవించను. బ్రిటిష్ కొలంబియా రాష్ట్రంలో 2023 జనవరి 31 నుంచి పెద్దలు 2.5 గ్రాముల వరకు హెరాయిన్, కొకైన్ వంటివి దగ్గర ఉంచుకున్నా కేసు పెట్టకూడదన్నారు; 2024 మేలో బహిరంగ ప్రదేశాల్లో దాన్ని వెనక్కి తీసుకున్నారు. అక్కడ కొనేవాణ్ణి వదిలారు గాని, అమ్మకం మాత్రం ఫెంటనిల్ అనే ప్రాణాంతక మత్తుమందు కలిపే పాత చేతుల్లోనే ఉండిపోయింది. నేను పైన మెచ్చుకున్న లేబుల్, కొలత, లాట్ నంబరు, వయసు తనిఖీ, వీటిలో ఒక్కటి కూడా అక్కడ లేదు. అందువల్ల ఆ ప్రయోగం విఫలమైందని చెప్పి ఈ దుకాణాన్ని తప్పుపట్టడమూ, ఈ దుకాణాన్ని చూపి ఆ ప్రయోగాన్ని సమర్థించడమూ రెండూ పొసగవు.

విశాఖ మన్యంలో పెరిగిన గంజాయిని తలచుకుంటే పోలిక మరింత చిక్కుపడుతుంది. చింతపల్లి, జి.మాడుగుల, పెదబయలు వైపు పండే 'శీలావతి' రకాన్ని 2021లో మొదలైన ఆపరేషన్ పరివర్తన కింద వేల ఎకరాల్లో నరికి తగలబెట్టారు. మత్తు పదార్థాలను అరికట్టే 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం ప్రకారం 20 కిలోల గంజాయి వాణిజ్య పరిమాణం. అది దాటితే కనీసం పదేళ్ల శిక్ష, బెయిలు దాదాపు దొరకదు. చెక్‌పోస్టు దగ్గర మూటతో దొరికేది కూలికి మోసే గిరిజన యువకుడు, పెట్టుబడి పెట్టినవాడు వేరే రాష్ట్రంలో ఉంటాడు. ఇంతలో అదే మొక్క ఆకుతో చేసే భంగును అదే చట్టం గంజాయిగా లెక్కించదు, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్‌లలో లైసెన్సు దుకాణాల్లో అమ్ముతారు. అంటే లైసెన్సు పద్ధతి మన దేశానికి కొత్త కాదు. అయితే బ్రాంప్టన్ దుకాణం వెనక ఉన్న పరీక్షా కేంద్రాలు, తనిఖీ అధికారులు, సరుకును వెనక్కి రప్పించే యంత్రాంగం లేకుండా బోర్డు ఒక్కటే తెచ్చి పాడేరులో తగిలిస్తే లాభపడేది ఆ పెట్టుబడిదారుడే.

అయిదుకు మూడున్నర ఇస్తాను. భద్రతకు, నిజాయితీకి పూర్తి మార్కులు, ధరకు సగం, పాత కేసుల విషయంలో ఈ వ్యవస్థకు సున్న.

ఇక్కడ చదువుకుంటున్న, ఉద్యోగం చేస్తున్న తెలుగువారికి మాత్రం కొన్ని జాగ్రత్తలు. బయట 30 గ్రాములకు మించి దగ్గర ఉంచుకోకూడదు. కొన్నది ఎంత కొంచెమైనా కెనడా సరిహద్దు దాటించడం, ఎటు వైపైనా, నేరం. అమెరికా వెళ్లేటప్పుడు సరిహద్దు అధికారి అడిగితే వాడానని ఒప్పుకున్నా ప్రవేశం నిరాకరించే అవకాశం ఉంది, ఆ నిర్ణయం తరువాతి వీసాలకు కూడా అడ్డం వస్తుంది. భారత పౌరసత్వం ఉన్నవారు మరొకటి గుర్తుంచుకోవాలి: ఎన్‌డీపీఎస్ చట్టం మొదటి సెక్షన్‌లోనే, విదేశాల్లో ఉన్న భారత పౌరులకు కూడా అది వర్తిస్తుందని రాసి ఉంది. కాబట్టి ఊరికి బయలుదేరే ముందు బ్యాగులు, కోటు జేబులు అన్నీ ఒకసారి చూసుకోండి.