ఆన్‌లైన్‌లో ఇంటర్మీడియట్ అకౌంటింగ్: ఒక సెమిస్టర్ అనుభవం

హైదరాబాదులో బీకామ్ చదివి అమెరికా వచ్చిన నేను, సీపీఏ (అమెరికాలో లైసెన్సు పొందిన అకౌంటెంట్) అర్హతకు కావలసిన కోర్సు క్రెడిట్ల కోసం ఇక్కడి ఒక విశ్వవిద్యాలయంలో ఇంటర్మీడియట్ అకౌంటింగ్ కోర్సును ఆన్‌లైన్‌లో పూర్తి చేశాను. డెబిట్, క్రెడిట్ తెలిసినవారికి ఇది నల్లేరు మీద నడకే అనుకున్నాను గాని, మన దేశ అకౌంటింగ్ ప్రమాణాలు అనుమతించని లైఫో పద్ధతి (చివర కొన్న సరుకే ముందు అమ్ముడైనట్టు లెక్కించడం) ఇక్కడ చెల్లుతుందన్న చోటే తడబాటు మొదలైంది.

బాండ్ల పాఠం కోసమైనా ఈ కోర్సు తీసుకోవచ్చు. లక్ష డాలర్ల ముఖవిలువతో, 8 శాతం వడ్డీని ఆరు నెలలకోసారి చెల్లించే ఐదేళ్ల బాండును మార్కెట్ రేటు 10 శాతం ఉన్నప్పుడు జారీ చేస్తే చేతికి వచ్చేది సుమారు 92,278 డాలర్లే. మొదటి ఆరు నెలలకు చెల్లించేది 4,000 అయినా, వడ్డీ ఖర్చుగా రాయవలసింది 4,614. ఆ తేడా 614 బాండు పుస్తక విలువకు (ఖాతాల్లో చూపే విలువకు) ఎలా చేరుతుందో అధ్యాపకురాలు స్ప్రెడ్‌షీట్‌లో ఒక్కొక్క వరుసే నింపుతూ చూపించారు.

లీజుల పాఠంలో మాత్రం స్లైడ్లు చదివి వినిపించడమే జరిగింది. హోంవర్కు సాఫ్ట్‌వేర్‌కు ఫీజు వేరుగా కట్టాలి. అంత కట్టినా, అంకెలను దగ్గరి పూర్తి డాలరుకు సవరించడంలో ఒక్క డాలరు తేడా వస్తే జవాబు మొత్తం తప్పని చూపేది. ఉద్యోగం చేస్తూ చదివేవారు వేసవి సెమిస్టర్‌లో దీని జోలికి పోకపోవడమే మంచిది.