వియన్నాలో నిలబడి విన్న ఒపేరా

సినిమా పాటలు, అప్పుడప్పుడు బాలమురళీకృష్ణ కచేరీలు తప్ప వేరే సంగీతం జోలికి పోనివాళ్లకు కూడా వియన్నా స్టేట్ ఒపేరాలో ఒక సాయంత్రం గడపమనే చెబుతాను. నేనూ ఆ కోవకే చెందుతాను. ఒపేరా అంటే పాటలతోనే నడిచే నాటకం, అది ఆడే భవనాన్నీ అలాగే పిలుస్తారు. అయితే ఖరీదైన సీటు వద్దు, నిలబడి చూసే టికెట్ తీసుకోండి. మంచి సీటు 200 యూరోలు దాటుతుంది, నిలబడే చోటు 20 యూరోల లోపే. నచ్చకపోతే విరామంలో బయటికి వచ్చేయొచ్చు, డబ్బులు పోయాయన్న బాధ ఉండదు. ఈ టికెట్లు ప్రదర్శన రోజునే అమ్ముతారు. జులై, ఆగస్టుల్లో మాత్రం ఒపేరా ఉండదు, చూసుకుని వెళ్లండి.

నిలబడే చోటంటే ఎక్కడో మూల అనుకోవద్దు. పై అంతస్తుల్లోనూ ఉంది కానీ, కింద హాల్లో మధ్య బాక్సు కిందున్నది దొరికితే వదలకండి. వేదిక సూటిగా కనిపిస్తుంది. ఆనుకోవడానికి ఎదురుగా కడ్డీ, దగ్గర్లోనే చిన్న తెర. పాటలోని మాటలు ఆ తెర మీద ఇంగ్లిష్‌లో కూడా వస్తాయి. భాష మార్చడం తెలియక తడుముకుంటుంటే పక్కనున్న పెద్దావిడ తనే బటన్ నొక్కి సరిచేసింది. విరామంలో బయటికెళ్లేవాళ్లు కడ్డీకి స్కార్ఫ్ కట్టి వెళ్తారు. ఆ చోటు జోలికి ఎవరూ రారు.

మేం చూసింది పుచ్చిని స్వరపరచిన 'టోస్కా'. 1900లో రోమ్‌లో మొదటిసారి ఆడిన ఒపేరా ఇది. వియన్నాలో 1958 నాటి రూపకల్పనతోనే ఇప్పటికీ ఆడుతున్నారు. ఒక గాయని, ఆమె ప్రేమించిన చిత్రకారుడు, ఆమె మీద కన్నేసిన పోలీసు అధికారి. కథ తేలిగ్గా అర్థమవుతుంది.

పాట మాత్రం అంత తేలిగ్గా అందలేదు. ఆ గొంతుల్లోని వణుకు మొదట్లో చెవికి పట్టలేదు. మన గమకంలో స్వరం ఊగుతూ పక్క స్వరాన్ని తాకి వస్తుంది, ఇక్కడ దాదాపు ఉన్నచోటే కంపిస్తుంది. రాగం కోసం వెతుక్కున్నంతసేపూ ఏమీ దొరకలేదు. ఒకేసారి మోగే వేర్వేరు స్వరాలు ఎలా కలుస్తున్నాయో, ఎక్కడ విడిపోతున్నాయో వినడం మొదలుపెట్టాక దారి తెలిసింది. మొదటి అంకం చివర చర్చిలో బృందగానం, ఆర్గన్ వాద్యం, గంటలు, మధ్యమధ్య ఫిరంగి మోత. వాటన్నిటి మీదుగా ఆ పోలీసు అధికారి పాట. ఒళ్లు జలదరించింది.

రెండో అంకంలో గాయని అతని గదిలో చిక్కుకుని, ఎవరికీ కీడు చేయని నాకెందుకీ శిక్ష అని దేవుణ్ణి నిలదీస్తుంది. పాట చివర ఆమె గొంతు దారంలా సన్నబడింది, అయినా వెనక నిలబడ్డ మాదాకా తెగకుండా వచ్చింది. మైకు లేదు, స్పీకర్లు లేవు. ఇన్నేళ్లుగా మైకులోంచి వచ్చే గొంతే వింటున్న నాకు మనిషి గొంతుకు ఇంత బలం ఉంటుందని అక్కడే తెలిసింది. కళ్లు చెమర్చాయి.

ఒపేరా చుట్టుపక్కల పాతకాలపు స్వరకర్త మొజార్ట్‌లా విగ్గులు పెట్టుకుని వేరే కచేరీల టికెట్లు అమ్మేవాళ్లు ఎదురవుతారు. ఆ కచేరీలు వేరు, స్టేట్ ఒపేరా వేరు. అలాంటిదొకటి మేమూ విన్నాం. పేరున్న ముక్కలన్నీ వరసపెట్టి వాయించేశారు, ఏదీ మనసుకు పట్టేలోపే ఇంకోటి మొదలైంది. నిలబడే టికెట్ కంటే రేటు చాలా ఎక్కువ. నేనైతే వద్దంటాను.

వియన్నాలోనే మ్యూజిక్‌ఫెరైన్ అనే కచేరీ భవనం ఉంది, అందులోని బంగారు హాలు చూడ్డానికి అద్భుతం. కానీ వాద్యబృందం వాయించే, మాటలు లేని సింఫనీతో మొదలుపెడితే కొత్తవాళ్లు అలసిపోతారు. ఒపేరాలోనైతే కథ చేయి పట్టుకుని నడిపిస్తుంది. పిల్లలతో వెళ్లేవాళ్లకు ఇంకో మార్గముంది: వసంతకాలంలోనూ సెప్టెంబరులోనూ కొన్ని ప్రదర్శనలను భవనం పక్కనే పెద్ద తెర మీద ఉచితంగా చూపిస్తారు. పగటిపూట గైడ్‌తో భవనం చూడొచ్చు. 1869లో తెరిచిన ఈ భవనం 1945లో బాంబులకు చాలావరకు కాలిపోయింది, 1955లో మళ్లీ తెరిచారు. పాత మెట్ల దారి మాత్రం మొదటి భవనం నాటిదే.

బస ఒపేరా పక్కనే ఉండనక్కర్లేదు. మేం హౌప్ట్‌బాన్‌హోఫ్ రైల్వే స్టేషన్ దగ్గర దిగాం. గది ఇరుకు, గోడలు పల్చన, పక్క గది టీవీ వినిపించేది. అయినా మళ్లీ అక్కడే దిగుతాను, ఎందుకంటే యు1 మెట్రోలో రెండో స్టాపే కార్ల్స్‌ప్లాట్జ్, అక్కణ్ణించి ఒపేరాకు నడిచిపోవచ్చు. కోట్లు, పెద్ద బ్యాగులు లోపలికి రానివ్వరు, క్లోక్‌రూమ్‌లో ఇవ్వాలి. కాళ్లకు మెత్తటి బూట్లు వేసుకోండి, మూడు అంకాలు నిలబడాలి.