రూట్ కెనాల్ పొడవు కొలవడానికి ఏది మేలు: ఫిల్మ్ ఎక్స్‌రేనా, డిజిటలా?

రూట్ కెనాల్‌లో అసలు టెన్షన్ పొడవు దగ్గరే. పంటి వేరులోని కాలువను శుభ్రం చేసే సన్నటి సూదిలాంటి పరికరం, అంటే ఫైల్, పొట్టిగా ఆగితే వేరు కొసలో ఇన్‌ఫెక్షన్ మిగిలిపోతుంది, కొస దాటితే చుట్టూ ఉన్న కణజాలం గాయపడి నొప్పి పెడుతుంది. అర మిల్లీమీటరు కూడా లెక్కలోకి వస్తుంది.

నా ఓటు డిజిటల్‌కే. బొమ్మ మరింత స్పష్టంగా వస్తుందని కాదు; సన్నటి వివరాలు చూపడంలో మంచి ఫిల్మ్ ఏమీ తీసిపోదు. డిజిటల్ గెలిచేది వేగంలో. ఫిల్మ్‌ను డెవలపర్‌లో, ఫిక్సర్‌లో ముంచి, కడిగి చూసేదాకా రోగి పంట్లో ఫైల్‌తో నోరు తెరుచుకుని కూర్చోవాలి. కోణం తప్పితే మళ్ళీ మొదటికే. ఫిల్మ్ బదులు నోట్లో పెట్టే డిజిటల్ సెన్సర్‌తో బొమ్మ క్షణాల్లో తెర మీద కనిపిస్తుంది. రేడియేషన్ కూడా తక్కువే, కానీ సులువు కదా అని పదేపదే తీస్తే ఆ లాభం పోయినట్టే.

డిజిటల్‌కు అసలు చిక్కు సన్నటి ఫైళ్ళతో. 8వ నంబరు ఫైల్ మొన 0.08 మిల్లీమీటర్లే. తెర మీద ఆ మొన వేరు నీడలో కలిసిపోయి, ఫైల్ ఉన్నదానికన్నా పొట్టిగా అనిపిస్తుంది. ఇంకాస్త లోపలికి తోశారా, కొస దాటినట్టే! వీలైతే 15వ నంబరు పెట్టి తీయడం మంచిది.

తెర మీది మిల్లీమీటర్లను కూడా ఉన్నవి ఉన్నట్టు నమ్మకూడదు. పొడవుకు గుర్తుగా ఫైల్‌కు తొడిగే రబ్బర్ స్టాపర్‌ను 21 మిల్లీమీటర్ల దగ్గర పెడితే, ఆ ఫైల్ తెర మీద 22.5 చూపిస్తే బొమ్మ సాగిందన్నమాట. అదే బొమ్మలో పంటి అంచు నుంచి వేరు కొస దాకా 24 అని వస్తే, 24ను 21తో హెచ్చించి 22.5తో భాగించాలి. అసలు పొడవు 22.4. వంకర కాలువైతే వంపు వెంట వరసగా చుక్కలు పెట్టి కొలిచే వీలు డిజిటల్‌లో ఉంది. ఫిల్మ్ మీద స్కేలుతో ఆ పని కష్టం.

సెన్సర్ మందంగా, గట్టిగా ఉండి నోట్లో ఒత్తుకుంటుంది. ఫిల్మ్ వంగుతుంది కాబట్టి హాయే, అయితే వంగిన ఫిల్మ్ మీద వేరు పొడవే మారిపోతుంది.

ఇక రెండింటికీ చేతకానిది ఒకటుంది. కాలువ బయటికి తెరుచుకునే రంధ్రం చాలాసార్లు వేరు కొసన కాకుండా కాస్త పక్కన ఉంటుంది. అది బుగ్గ వైపో నాలుక వైపో ఉంటే ఏ మామూలు ఎక్స్‌రేలోనూ తెలియదు. అందుకే ముందు అపెక్స్ లొకేటర్‌తో (కాలువ కొసను విద్యుత్ సంకేతంతో కనిపెట్టే పరికరం) కొలిచి, ఆ కొలతను సరిచూసుకోవడానికి ఎక్స్‌రే తీయాలి.